రెడ్డిగారి హాల్లో మాట్లాడిన ఫోటో

మూడు వారాలు చెమటోడ్చి నిలబెట్టిన పరువును మూడు నిమిషాల్లో, అదీ లౌడు స్పీకరు పెట్టి మరీ కూల్చిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, ఈ నాలుగు మాటలు రాస్తున్నది అతనే. కూలింది నా పరువే అయితే ఇంత కాగితం ఖర్చు చేసేవాణ్ణి కాదు. అప్పటికి నాకు పరువు అంటూ పెద్దగా లేదు. కూలింది పన్నెండు లారీల యజమాని ఓబుళరెడ్డిగారి పరువు. ఆయన అప్పట్లో బళ్ళారి బజారులో నడిచి వెళుతుంటే కిరాణా కొట్లవాళ్ళు త్రాసు దించి నమస్కారం పెట్టేవాళ్ళు. అంత పరువన్నమాట.

బళ్ళారి జిల్లాను మైసూరు రాష్ట్రంలో కలిపి కొన్నేళ్ళయింది. నాకు ఇరవై మూడేళ్ళు. మాది సిరుగుప్ప. మా నాన్న నన్ను బియ్యం వ్యాపారంలో కూర్చోబెట్టాలని చూశాడు. నేను బెంగళూరు వెళ్ళి ఎనిమిది నెలలు రేడియో కోర్సు చదివి, బళ్ళారిలో చిన్న గది తీసుకుని, బయట 'సౌండ్ ఇంజినీరు' అని బోర్డు రాయించుకున్నాను. ఇంజినీరు అని ఎవరిచ్చారని అడగకండి. బోర్డు రాసిన పెయింటరు ఇచ్చాడు. పెళ్ళిళ్ళకు మైకులు కట్టేవాళ్ళు ఊళ్ళో నలుగురున్నారు. నేను వాళ్ళలో ఒకణ్ణి కాదని నా గట్టి నమ్మకం. వాళ్ళు శబ్దం చేస్తారు, నేను శబ్దాన్ని చదువుకున్నాను. చూశారా, అప్పుడు నా మాటలు ఇలాగే ఉండేవి.

ఒకరోజు ఓబుళరెడ్డిగారు కబురు చేశారు. ఆయన కుటుంబం తరతరాలుగా భూములున్న కుటుంబం. ఈయన మాత్రం లారీల మీద మనసు పడి, సండూరు కొండల్లో తవ్విన మాంగనీసు ఖనిజాన్ని హొసపేట రైల్వే స్టేషనుకు తోలే పని పెట్టుకున్నారు. ఆఫీసు మేడ మీద కొత్తగా ఒక పొడుగాటి హాలు కట్టించారు.

"నాగరాజా, బొంబాయిలో ఒక కంపెనీ ఆఫీసుకు పోయింటి" అన్నారు రెడ్డిగారు. "ఆడ ఒక హాలు ఉండాది. కిటికీలకు నల్లపరదాలు. గోడ మీద బొమ్మలు పడతాయి. మాట్లాడే మనిషి సన్నగా మాట్లాడినా కడాకు కూర్చున్నోనికి చెవిలో చెప్పినట్టు ఇనపడతాది. నాకు అట్లాంటిది కావల్ల. మూడు వారాల్లో మద్రాసు నుంచి వెంకటాచలంగారు వస్తాండారు. ఖనిజం ఎగుమతి చేసే పెద్ద మనిషి. ఆయన కాంట్రాక్టు వస్తే మన లారీలకు ఏడాదంతా పని. చేస్తావా?"

"బొంబాయి హాలు ఇంటికి పోయి సిగ్గుపడేటట్టు చేస్తా" అన్నాను.

పక్కనే నిలబడిన మేనేజరు హంపన్న నన్ను పైనుంచి కిందికి చూశాడు. రెడ్డిగారి దగ్గర పదిహేనేళ్ళుగా ఉన్న మనిషి. ఏ లారీ ఎక్కడుందో, ఏ డ్రైవరు ఎక్కడ పడుకున్నాడో ఆయనకే తెలియాలి. "ఇంతకు ముందు ఇట్లాంటి హాలు ఎన్ని చేసినావప్పా?" అని అడిగాడు.

"ఇదే మొదటిది. అందుకే బాగా వస్తాది" అన్నాను. ఇప్పటికీ ఆ జవాబులో తర్కం ఏమిటో నాకు అంతుపట్టలేదు. అప్పుడు మాత్రం హంపన్న తల గోక్కుంటూ పక్కగదిలోకి వెళ్ళిపోయాడు.

పని మొదలుపెట్టాను. నిజం చెప్పుకోవాలి కదా, పని బాగానే చేశాను. హాలు మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టి, గోడల నుంచి శబ్దం ఎన్నిసార్లు తిరిగి వస్తుందో లెక్కపెట్టాను. రెడ్డిగారు తలుపు దగ్గర ఆగి, "ఏంది నాగరాజా, ఒక్కనివే భజన చేస్తాండావు?" అన్నారు. "ప్రతిధ్వనిని పడతాండా" అన్నాను. ఆయన ఎలుకను పడుతున్నానేమో అన్నట్టు మూలలకేసి చూసి వెళ్ళిపోయారు. వెనక గోడకు దూది కుట్టిన మందపు గుడ్డలు తగిలించాను. రేకు గొట్టాల స్పీకర్లు వద్దని, టేకు పెట్టెల్లో రెండు స్పీకర్లు అమర్చి తెరకు రెండు పక్కలా పెట్టాను. కుర్చీలు గుర్రపు లాడం ఆకారంలో వేయించాను. తెర దగ్గర మైకు, హాలు చివర బల్ల మీద ఆంప్లిఫయరు, దాని పక్కన స్లైడు ప్రొజెక్టరు. ఆంప్లిఫయరు లోపల గాజు వాల్వులు వెలిగితే అది నాకు గర్భగుడిలా కనిపించేది.

మిగిలిందల్లా మైకు నుంచి ఆంప్లిఫయరుకు తీగ లాగడం. ఆ తీగ మామూలుది కాదు, పైన రాగి అల్లిక ఉన్న తీగ కావాలి. ఆ అల్లిక బయటి సద్దును లోపలికి రానివ్వదు. మద్రాసు కంపెనీకి రాశాను. "త్వరలో పంపగలం" అని జవాబు వచ్చింది. ఆ 'త్వరలో' మూడు వారాల కంటే పొడుగని తరువాత తెలిసింది. నేను మామూలు లైటు తీగనే వాడాను. పోనీ అదైనా విడిగా లాగానా? గోడకు కొత్త రంగు వేశారు, లేత ఆకుపచ్చ. "గోడకు మేకు కొట్టినావంటే నీకు కొడతా" అని రెడ్డిగారు ముందే చెప్పారు. గోడ వెంబడి కింద ఒక ఇనుప గొట్టం కనిపించింది. వీధి నుంచి వచ్చే టెలిఫోను తీగ ఆ గొట్టంలోంచి హాలు పొడుగునా వెళ్ళి, అవతల హంపన్న గదిలోకి చేరుతుంది. గొట్టంలో ఇంకా బోలెడు చోటుంది. మైకు తీగను అందులోకి తోసేశాను. బయటికి ఒక్క అంగుళం తీగ కనబడలేదు. నా తెలివికి నేనే మురిసిపోయి, ఆ సాయంత్రం హోటల్లో రెండు మసాలా దోసెలు తిన్నాను.

పరీక్ష చేసి చూశాను. శబ్దం తేనెలా వచ్చింది. ఇక్కడ మీకో చిన్న విషయం చెప్పాలి. ఆ వారమంతా గాలివానకు తీగలు తెగి టెలిఫోను చచ్చిపడి ఉంది. ఆ సంగతి నాకు తెలుసు. దానికీ నా పరీక్షకూ సంబంధం ఉందని మాత్రం తట్టలేదు.

వెంకటాచలంగారు వచ్చే రోజు ఉదయం టెలిఫోను లైనుమాన్ సిద్దప్ప వచ్చి ఫోను బాగుచేశాడు. పోతూ పోతూ గొట్టం మూతి దగ్గర వంగి చూశాడు.

"ఇది నీ తీగనా?"

"అవును. మైకుది."

"టెలిఫోను తీగ పక్కన పెట్టినావు కదప్పా. తీసెయ్. అది మాట్లాడేది ఇది ఇంటాది."

నేను నవ్వాను. ఆ నవ్వును ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. "సిద్దప్పా, రెండు తీగలకీ పైన గుడ్డ ఉండాది, రబ్బరు ఉండాది. ఒకదానికొకటి తగలవు. తగలనిది ఎట్ల ఇంటాది?"

"ఇంటాదప్పా. మనుషులు మాత్రం తగిలి ఇంటారా?" అని సంచి భుజాన వేసుకుని పోయాడు. బెంగళూరులో ఎనిమిది నెలలు చదివిన నేను, స్తంభాలెక్కే మనిషి దగ్గర పాఠం వినడమా అనుకున్నాను. పైగా టైము లేదు. కింద అప్పటికే కారు చప్పుడు.

వెంకటాచలంగారు నిండైన విగ్రహం, తెల్లటి పంచె, చేతిలో వెండి పిడి కర్ర. చిత్తూరు వైపు నుంచి మద్రాసులో స్థిరపడిన కుటుంబమట, తెలుగు చక్కగా మాట్లాడతారు. వెంట ఇద్దరు గుమాస్తాలు. ఊరి పెద్దల్లో ఒక ఎనిమిది మందిని కూడా రెడ్డిగారు పిలిచారు. నల్లపరదాలు లాగాను. హాలు చల్లగా చీకటయింది. మొదటి స్లైడు వేశాను, ఆఫీసు మేడ బొమ్మ. అందరూ "అబ్బా" అన్నారు. రెడ్డిగారు మైకు ముందు నిలబడి గొంతు సవరించుకుంటే, ఆ సవరింపు కూడా ఆకాశవాణి వార్తలంత గంభీరంగా వినిపించింది. ఆయన నాకేసి చూసి తల ఊపారు. నా ఛాతీ చొక్కా గుండీలను లెక్కచేయడం మానేసింది.

రెండో స్లైడు వేశాను. పన్నెండు లారీలు వరుసగా నిలబడి తళతళ మెరుస్తున్న ఫోటో. హొసపేట వర్క్‌షాపు ముందు తీసినది.

"మద్రాసు పెద్దలు రవంత బాగా చూడల్ల" అన్నారు రెడ్డిగారు. "ఇవి మన బండ్లు. పన్నెండు ఉండాయి. పన్నెండూ సింహాలు."

గుర్ర్ర్ర్! అని గర్జించాయి రెండు స్పీకర్లూ.

హాలంతా ఉలిక్కిపడింది. వెంకటాచలంగారు నా వైపు తిరిగి, "భలే పెట్టావయ్యా, సింహం అనగానే!" అని మెచ్చుకున్నారు. నేను వినయంగా తల వంచాను. అది పక్కగదిలో టెలిఫోను గంట మోగినందువల్ల వచ్చిన గర్జన అని నాకు తెలిస్తే కదా!

గర్జన ఆగింది. స్పీకర్లలోంచి ఒక ఆడగొంతు, స్పష్టంగా, చెవిలో చెప్పినట్టు పలికింది. "హొసపేట లైన్లో ఉంది. మాట్లాడండి."

తరువాత ఒక మగ గొంతు. "హలో, హంపన్న సాబ్? నేను హుసేన్‌ను, వర్క్‌షాపు నుంచి."

హుసేన్ సాబు రెడ్డిగారి లారీలు బాగుచేసే మేస్త్రి. మద్రాసు ఆయన లారీలు చూపించమంటే ఏవి కదులుతాయో కనుక్కోవాలని హంపన్న ముందురోజే టెలిఫోను ఎక్స్ఛేంజికి మనిషిని పంపి ట్రంకు కాలు బుక్ చేశాడట. ఫోను పనిచేయక అది ఇప్పుడొచ్చింది. ఇంకో సంగతి. హంపన్న బల్ల మీద కూడా అదే ఫోటో ఉంది.

"హుసేను, ఫోటో ముందర పెట్టుకోని ఉండా" అంటోంది హంపన్న గొంతు. "ఎడమ పక్క నుంచి చెప్పు. మొదటిది?"

"మొదటిది చల్తా సాబ్. బాగా నడుస్తాది."

"రెండోది?"

"దానికి ఇంజను లేదు కదా సాబ్. ఇంజను నా ముందర బల్ల మీద ఉండాది. బండిని నలుగురం తోసి నిలబెట్టినాం ఫోటోకి."

రెడ్డిగారి నోరు మైకు ముందు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. వెంకటాచలంగారు మెల్లగా లేచి, తెర దగ్గరికి నడిచి, వెండి పిడి కర్రను రెండో లారీ మీద ఆనించారు.

నేను మైకు దగ్గరికి ఒక్క గెంతు గెంతి దాని స్విచ్చి ఆపాను. మైకు తెగిపోయేసరికి తీగ మొత్తం టెలిఫోనుదే అయిపోయి, స్పీకర్లలో హుసేన్ గొంతు ఇంకా గట్టిగా, ఇంకా తేటగా వచ్చింది. నేను అమర్చిన టేకు పెట్టెల గొప్పతనం అంతా అప్పుడు తెలిసింది.

"మూడోది ఏక్‌దమ్ బాగుండాది. నాలుగోదీ బాగుండాది సాబ్. అయిదోది నడవదు. అయిదోదాని చక్రాలు నాలుగోదానికి పెట్టినాం. ఫోటోలో రాళ్ళ మీద ఉండాది."

"మరి చక్రాలు లేనట్టు కనపడదే?"

"ముందర గోనెసంచులు పేర్చినాం కదా!"

"ఓహో, ఇవా!" అని వెంకటాచలంగారు కర్రతో గోనెసంచులను తట్టారు. ఒక గుమాస్తా చప్పుడు కాకుండా పుస్తకం తీసి రాసుకోవడం మొదలుపెట్టాడు.

ఆంప్లిఫయరు ఆపితే తప్ప ఇది ఆగదని అప్పటికి తట్టింది. హాలు చివరికి పరుగెత్తి స్విచ్చి మీద చేయి వేశాను. "ఉండవయ్యా!" అని ముందు నుంచి వెంకటాచలంగారి కేక. "ఆపావంటే ఊరుకోను. ఇంకా ఏడు లారీలున్నాయి!" నా చేయి స్విచ్చి మీద రాయిలా బిగుసుకుపోయింది. అటు రెడ్డిగారు ఆపమని కళ్ళతో చెబుతున్నారు, ఇటు కాంట్రాక్టు ఇచ్చే మనిషి ఆపొద్దని నోటితో చెబుతున్నాడు. చెప్పండి, మీరైతే ఎవరి మాట వింటారు?

"ఆరు, ఏడు రెండూ అచ్ఛా. ఎనిమిదోది కూడా నడుస్తాది సాబ్" అన్నాడు హుసేన్, కొంచెం ఆగి. "నిలబడదు."

"అంటే?"

"బ్రేకులు లేవు. తొమ్మిదోది బాగుండాది."

ఇక రెడ్డిగారికి ఓపిక తీరిపోయింది. పంచె ఎగ్గట్టి పక్కగదిలోకి పరుగెత్తారు. హమ్మయ్య, అయిపోయింది అనుకున్నాను. అయిపోలేదు. హంపన్న చేతిలో రిసీవరు ఉన్నంతసేపూ ఆ గదిలో మాట్లాడే ప్రతి మాటా మా హాల్లోకే వస్తుంది.

"పెట్టెయప్పా! ఫోను పెట్టెయ్!" రెడ్డిగారి గొంతు రెండు స్పీకర్లలోంచి దద్దరిల్లింది. "అంతా హాల్లో ఇనపడతాండాది!"

"హాల్లో ఎవరుండారు రెడ్డిగారూ? ఆ మద్రాసు పెద్దాయనేనా?" హంపన్న గొంతు నింపాదిగా ధైర్యం చెప్పింది. "ఆయప్ప మొగం చూస్తే తెలియలేదా? లారీకీ రోడ్డురోలరుకీ తేడా తెలియనోడు. మీరేం భయపడొద్దండి."

హాల్లో ఎనిమిది మంది పెద్దమనుషులూ ఆయన మొహం కేసి చూశారు. వెంకటాచలంగారు తన మొహాన్ని ఒకసారి చేత్తో తడుముకున్నారు.

దబ్‌మని ఏదో పడిన చప్పుడు. రెడ్డిగారు లాక్కోబోతే రిసీవరు జారి బల్ల మీద పడిందట. పడింది గానీ ఫోను కట్ కాలేదు. తరువాత హొసపేట నుంచి హుసేన్, పాపం, ఒంటరిగా, డ్యూటీ మరవకుండా చెప్పుకుపోయాడు.

"హలో? హలో సాబ్? సరే, ఇంటాండారు అనుకోని చెప్తా. పదోదాని డ్రైవరు సీట్లో కోడి గుడ్లు పెట్టి పొదగతాండాది, అది లేచే దాకా కష్టం. పదకొండోది మనది కానే కాదు, పక్క కంపెనీ గౌడది, ఫోటో కాగానే తోలుకోని పోయినాడు. పన్నెండోది బాగుండాది. నేను నాస్తా చేసొస్తా."

కోడి దగ్గరే వెంకటాచలంగారి పొట్ట కదలడం మొదలైంది. 'నాస్తా' దగ్గరికి వచ్చేసరికి ఆయన కర్ర ఊతంగా పెట్టుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ కుర్చీలో కూలబడ్డారు. ఆయన నవ్వగానే గుమాస్తాలు, వాళ్ళు నవ్వగానే ఊరి పెద్దలు. దూది గుడ్డలు కట్టిన నా గోడలు కూడా ఆ నవ్వుకు ప్రతిధ్వనించాయి.

నేను పరదాలు తీశాను. రెడ్డిగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. మొహం మీద చెమట. ఆయన్ని అలా చూడగానే నాకు నవ్వు కాదు, ఏడుపు వచ్చినంత పనైంది. త్రాసులు దించి నమస్కారం పెట్టించుకున్న మనిషి తల వంచుకుని నిలబడ్డాడు, నా వల్ల.

"రెడ్డిగారూ, నా లెక్కలో నడిచేవీ ఆగేవీ ఏడు" అన్నారు వెంకటాచలంగారు. "సరేనా?"

"ఏడే" అన్నారు రెడ్డిగారు తల ఎత్తి. "అబద్ధం చెప్పేదానికి ఫోటో తీయించినా. పని దొరికితే మిగతావి బాగుచేయించొచ్చు, పని దొరకాలంటే బండ్లు ఉండల్ల. ఏం చేయాల్నో తోచలేదు. మీరు పోయేది పోతారు, నన్ను ఏమైనా అనండి. హంపన్నను మాత్రం అనొద్దండి. నా ఉప్పు తిని నా కోసం మాట్లాడినాడు."

వెంకటాచలంగారు కర్రను కుర్చీకి ఆనించారు. "ఈ వారంలో నాలుగు ఆఫీసులు తిరిగానండీ" అన్నారు. "నలుగురూ ఫోటోలు చూపించారు. అందులో ఏ బండికి ఇంజను ఉందో, ఏ బండిలో కోడి ఉందో ఆ దేవుడికే తెలియాలి. ఇక్కడ మాత్రం ఏ ఏడు నడుస్తాయో నాకు వరుసతో సహా తెలుసు. ఆ ఏడింటికీ పని ఇస్తాను. మిగతావి లేచి నిలబడ్డాక వాటికీ ఇస్తాను. అయితే ఒక షరతు. అవి లేచాయని మీరు చెబితే నమ్మను. హుసేన్ చెప్పాలి."

రెడ్డిగారు రెండు చేతులూ జోడించారు. అప్పుడే గదిలోంచి బయటికి వచ్చిన హంపన్న, వెంకటాచలంగారి మొహం చూసి, మళ్ళీ గదిలోకే వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

ఇక అందరి చూపూ నా మీద పడింది.

"నాగరాజా" అన్నారు రెడ్డిగారు మెల్లగా. ఆయన అరిచి ఉంటే బాగుండేది. "ఇది ఎట్లయిందప్పా?"

నాలుక చివర ఒక అబద్ధం తయారుగా ఉంది. ఇది బెంగళూరులో వచ్చిన కొత్త ఏర్పాటు, ఫోటో వెనక నిజం కూడా వినిపిస్తుంది అని చెప్పేస్తే ఆ క్షణంలో నమ్మేవాళ్ళే. కానీ అంతకు ముందే ఒక పెద్దమనిషి నిండు సభలో నిజం ఒప్పుకున్నాడు. నాకు సిగ్గేసింది.

"తప్పు నాదే రెడ్డిగారూ. మైకు తీగను టెలిఫోను తీగతో ఒకే గొట్టంలో పెట్టినా. అల్లిక తీగ రాలేదని లైటు తీగ వాడినా. సిద్దప్ప పొద్దున్నే చెప్పినాడు, నేను ఇనలేదు."

"స్తంభం ఎక్కేవానికి తెలిసింది, బోర్డు పెట్టుకున్న నీకు తెలియలేదా?"

"లేదండి."

"ఆయ్తు, అయిందేదో అయింది" అన్నారు రెడ్డిగారు నిట్టూర్చి. "రేపు వచ్చి ఆ తీగ పీకెయ్. గోడకు మేకులు కొట్టుకో. నా రంగు కంటే నా నోరు ముఖ్యం."

నేను నా సామాను సర్దుకుని మెట్లు దిగుతుంటే వెనక కర్ర చప్పుడు. వెంకటాచలంగారు నన్ను మెట్ల మలుపులో ఆపి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు.

"అబ్బాయీ, మద్రాసులో మా ఆఫీసుకు కూడా ఒక మీటింగు హాలు ఉంది. మైకులు పెట్టించాలి."

నా చెవులను నేను నమ్మలేదు. "తప్పకుండా సార్! ఈసారి అల్లిక తీగే వాడతాను. విడిగా గొట్టం వేస్తాను. టెలిఫోను ఛాయలకు కూడా పోను. ఏ తప్పూ జరగదు."

"ఛఛ, అదేమిటయ్యా!" అన్నారాయన కంగారుగా. "ఆ తప్పు చేయడం నీకే వచ్చని కదా పిలుస్తున్నాను! మా మేనేజరు రోజంతా ఫోన్లో ఏం మాట్లాడతాడో పదేళ్ళుగా తెలుసుకోలేక చస్తున్నాను."

ఆ మెట్ల మీదే, కుడిచేయి గుండె మీద పెట్టుకుని, నా ఎనిమిది నెలల చదువు సాక్షిగా నేనొక ఘోర ప్రతిజ్ఞ చేశాను. నా కంఠంలో ప్రాణం ఉండగా మైకు తీగనూ టెలిఫోను తీగనూ ఒకే గొట్టంలో పెట్టను, పెట్టను, పెట్టను. ఈనాటి వరకు ఆ మాట మీద కొండలా నిలబడి ఉన్నాను. మద్రాసులో మాత్రం పెట్టాను. అది తప్పు కిందికి రాదు. కొలత ప్రకారం, ఆర్డరు మీద చేసింది.